లోపల వదిలిన బట్ట

ఆ ఏడాది వానలు మొదలైన రోజున నేను ఎంత సంతోషించానో చెబితే ఎవరూ నమ్మరు. మా పనికి చెమ్మ కావాలి. రక్తంలోని కణాల్ని మూడు రోజులు వెచ్చగా పెంచి, అవి రెండుగా విడిపోబోయే సమయానికి మందు వేసి ఆపి, నీళ్లతో ఉబ్బించి, వెనిగర్ కంపు కొట్టే ద్రావణంలో కడిగి, జానెడు ఎత్తు నుంచి గాజు స్లైడు మీద చుక్క వదులుతాం. గాలి పొడిగా ఉంటే ఆ చుక్క గబుక్కున ఆరిపోయి క్రోమోజోములన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడతాయి. చెమ్మగా ఉంటే నింపాదిగా ఆరుతూ, నలభై ఆరూ విడివిడిగా పరుచుకుంటాయి. ఎండాకాలమంతా గిన్నెల్లో వేడినీళ్లు పెట్టి స్లైడ్లకు ఆవిరి పట్టించిన దాన్ని, కిటికీ బయట వాన పడుతుంటే నాకేం తక్కువ అనుకున్నాను.

ఆ సంతోషం పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు సాయంత్రం మా చెల్లి అత్తగారు గొడుగు విదిలించుకుంటూ మా ఇంట్లోకి వచ్చింది.

ఆవిడ దర్జీ. బజారు మలుపులో మూడు మిషన్ల దుకాణం. టేపు పెట్టకుండా మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి నడుము ఎంతో చెప్పేస్తుంది, చెప్పింది తప్పదు. ఆవిడ వెనకాల మా చెల్లి, చెల్లి వెనకాల దాని మొగుడు. అతను కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితమొకటి తీసి నా ముందుకు తోసింది.

"చదువు అమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి కదా."

చూస్తే మా ల్యాబు కాగితమే. పైన మా ముద్ర, మధ్యలో జతలు జతలుగా పేర్చిన క్రోమోజోముల ఫోటో, కింద రిపోర్టు. చివరి వాక్యం: 'తొమ్మిదో జతలో ఒక క్రోమోజోముకు సెంట్రోమియర్ పక్కన అదనపు భాగం ఉంది.' ఇంకా కింద, కుడి మూలన, తయారు చేసినవారి పొడి అక్షరాలు. నావి.

చెల్లికి నాలుగేళ్లలో మూడుసార్లు కడుపు నిలబడలేదు. మూడోసారి తర్వాత వాళ్ల డాక్టరు దాని రక్తం మా ల్యాబుకు పంపించింది. నాకు చెబితే కంగారు పడతానని చెల్లి నోరు విప్పలేదట. మాకు వచ్చే గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏదో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ నేనే ఆ గొట్టం తీశాను, నేనే ఆ ఫోటో పేర్చాను, నేనే ఆ వాక్యం కొట్టాను. నాకు గుర్తు కూడా లేదు.

"అదనపు భాగం అంటే ఏంటో తెలియక అడగడం లేదు," అంది అత్తగారు. "అదనం అంటే ఉండకూడనిది. నాలుగేళ్ల నుంచి ఎందుకు, ఎందుకు అనుకుంటున్నాం. కాగితం మీదే ఉంది."

"అది జబ్బు కాదండీ అత్తయ్యగారూ. ఎంతోమందికి ఉంటుంది. దానివల్ల ఏమీ కాదు."

"ఏమీ కానిది ఎందుకు రాశావ్?"

మా ల్యాబులో ఆనవాయితీ అది. కంటికి కనిపించింది రాయాలి, దాని అర్థం చెప్పకూడదు. అర్థం డాక్టరు చెబుతుందని మేం అనుకుంటాం. అర్థం రిపోర్టులో ఉంటుందని డాక్టరు అనుకుంటుంది. ఇద్దరి మధ్యా మా చెల్లి కూర్చుని తన గోళ్లు చూసుకుంటోంది.

"వానలు తగ్గేలోపు ఏదో ఒకటి తేలాలి," అంది ఆవిడ, గొడుగు అందుకుంటూ. "వకీలుతో విడాకుల కాగితాలు రాయించి ఉంచాను. ఎవరి మీదా కోపంతో కాదు. మావాడికి ముప్పై నాలుగు దాటాయి."

నేను చెల్లి మొగుడి వైపు తిరిగాను. "నువ్వేమంటావయ్యా?"

"అమ్మ... అంటే వదినా, నేను..." అని మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడు. ఆ వాక్యం ఇప్పటిదాకా పూర్తి కాలేదు.

మర్నాడు పొద్దున్నే మా పెద్ద మేడమ్ గదికి వెళ్లాను. ల్యాబు ఆవిడదే. రిపోర్టులు మా అందరి పని, ఆవిడ సొంత పిచ్చి వేరే. అదే సెంట్రోమియర్. అంటే క్రోమోజోముకు నడుము. కణం రెండుగా విడిపోయేటప్పుడు సన్నటి దారాలు వచ్చి ఆ నడుమునే పట్టుకుని చెరోవైపూ లాగుతాయి. ఆ చుట్టుపక్కల డీఎన్ఏలో చదవడానికి కొత్త సంగతి ఏమీ ఉండదు. ఒకే చిన్న మాట, మళ్లీ అదే మాట, లక్షలసార్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలో మహామహులు కూడా అక్కడికి రాగానే చేతులెత్తేసి, ఖాళీ వదిలి, అవతలి ఒడ్డు నుంచి మళ్లీ చదువుకున్నారు. పొడవాటి పోగుల్ని తెంపకుండా చదివే మిషన్లు వచ్చాక ఈ మధ్యనే ఆ ఖాళీలు పూడుతున్నాయి. ఆ మాట ఎవరికి ఎన్నిసార్లు ఉంటుంది, ఎంతవరకు మామూలు, ఇదీ మేడమ్ లెక్క. తొమ్మిదో క్రోమోజోము నడుము పక్కన అయితే అయిదక్షరాల మాట ఒకరికి ఇరవై లక్షలసార్లుంటే ఇంకొకరికి యాభై లక్షలసార్లు ఉంటుంది. ఇద్దరూ హాయిగా అన్నం తిని తిరుగుతుంటారు.

"మేడమ్, ఈ వాక్యం కింద 'ఇది హాని లేని సాధారణ భేదం' అని ఇంకో వాక్యం రాసి మళ్లీ రిపోర్టు ఇద్దాం."

"డాక్టర్లకు తెలుసు కదా."

"డాక్టర్లకు తెలుసో లేదో గానీ దర్జీకి తెలియదు మేడమ్."

సంగతి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, రిపోర్టును రెండుసార్లు చదివింది. "ఇన్నేళ్లూ ఇలాగే ఇస్తున్నాం," అంది మెల్లిగా. ఆ రోజే కొత్త రిపోర్టు సంతకం చేసి ఇచ్చింది.

అది పట్టుకుని గంతులేసుకుంటూ దర్జీ దుకాణానికి వెళ్లాను. అత్తగారు పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి, రెండు బట్టల రంగు కలిసిందో లేదో చూసినట్టు చూసింది.

"పోయిన నెల లేని మాట ఈ నెల ఎక్కడి నుంచి వచ్చింది?"

"అప్పుడు రాయడం మర్చిపోయాం."

"మర్చిపోయారా, అక్కగారు లోపల కూర్చుని రాయించుకుందా?" అని రెండూ కలిపి అదే ప్లాస్టిక్ కవరులో పెట్టేసింది. "నీ చెల్లెలి కోసం నువ్వు ఆ మాత్రం చేస్తావు. తప్పు పట్టను. నేనైనా చేస్తాను."

నన్ను అబద్ధాలకోరును చేసి, ఆ పైన క్షమించేసింది కూడా. ఇంటికొచ్చేదాకా నాలో నేనే పళ్లు నూరుకున్నాను.

ఆ తర్వాత నెల రోజులు నేను చేసిన పని ఒకటే, ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడం. బస్టాపులో దొరికితే చెప్పాను, మందుల దుకాణం ముందు దొరికితే చెప్పాను. రైలుకు వెనకాల నాలుగు ఖాళీ పెట్టెలు ఎక్కువ తగిలించారనుకోండి, రైలు చెడిపోయినట్టా అన్నాను. "ఎక్కువ పెట్టెలుంటే లాగలేక ఆలస్యం కాదూ?" అంది. పుస్తకంలో ఒకే పేజీ వందసార్లు అచ్చయిందనుకోండి, కథ మారదు కదా అన్నాను. "అలాంటి పుస్తకం నువ్వైతే వెనక్కి ఇచ్చేయవూ?" అంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. విసుగేమిటంటే, ఆవిడ తెలివితక్కువది అయివుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను తెచ్చిన ప్రతి పోలికలోనూ కన్నం ఎక్కడుందో సూటిగా అక్కడే వేలు పెట్టేది.

చివరికి నా రక్తమే తీయించుకున్నాను. అక్కాచెల్లెళ్లం కదా, నాకూ ఉండొచ్చనిపించింది. మూడు రోజులు పెంచి, స్లైడు వేసి, మామూలు రంగు కాకుండా ఇంకోరకం పద్ధతిలో ఘాటైన ద్రావణంలో ముంచి రంగు వేశాను. అలా చేస్తే మిగతాదంతా వెలిసిపోయి నడుముల దగ్గర మాత్రమే ముదురు ఊదారంగు నిలుస్తుంది. ఉంది. అమ్మో నాన్నో ఇద్దరికీ సమానంగా పంచారన్నమాట. ఫోటో తీసి, చెమ్మ తగలకుండా కోటు లోపల దాచుకుని పరుగున దుకాణానికి వెళ్లాను.

చెల్లి మూడో మిషన్ దగ్గర కూర్చుని గుండీలు కుడుతోంది. అత్తగారు బల్ల మీద నీలం బట్ట పరిచి సుద్దతో గీతలు గీస్తోంది.

"ఇదిగో అత్తయ్యగారూ, ఇది నాది. నాకూ అదే ఉంది, అదే చోట. నాకు కొడుకున్నాడు. పదేళ్లవాడు, బండలా ఉన్నాడు."

ఆవిడ ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్లీ బట్ట మీదికి వంగింది.

"ఒక్కడేగా."

"ఒక్కడు చాలనుకున్నాం."

"అందరూ అలాగే అనుకుంటారు," అంది, కత్తెర అందుకుంటూ. "అయితే ఇది మీ ఇంటి రక్తంలోనే ఉందన్నమాట. అది తెలిసింది, మంచిది."

నేను తెచ్చిన సాక్ష్యం నా కళ్లముందే నా మీదికే తిరిగింది. ఆ నీలం బట్ట మీద కత్తెర కరకరా నడుస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెల్లి గుండీ వదిలేసి లేచి, గొడుగు తీసుకుని, నన్ను వీధి చివరిదాకా సాగనంపింది.

"అక్కా, నీకు దండం పెడతాను, ఇంక వద్దు," అంది గొడుగు కింద. "నువ్వు వచ్చి చెప్పిన ప్రతిసారీ అది ఇంకా పెద్దదవుతోంది. ఇదివరకు నాకొక్కదానికే ఉండేది, ఇప్పుడు మన ఇంటందరికీ అంటుకుంది."

"నేనే కదా రాసింది. నేనే చెరపాలి."

"నువ్వు రాయకపోతే ఇంకెవరో రాసేవాళ్లు." కాసేపు నడిచింది. "నిజం చెప్పు. నా వల్ల కాదు కదా?"

"కాదు."

"మరి ఎందుకు నిలబడలేదు, మూడుసార్లూ?"

"తెలియదే."

"మీ మిషన్లకు కూడా తెలియదా?"

"తెలియదు."

అది తల ఊపింది. మా రిపోర్టులో క్రోమోజోముల సంఖ్యకు గడి ఉంది, మార్పులకు గడి ఉంది. 'తెలియదు' అని రాయడానికి గడి లేదు. ఉంటే ఇన్నేళ్లలో సగం రిపోర్టుల్లో నేను అదే రాసేదాన్ని. గొడుగు నాకిచ్చి చెల్లి తడుస్తూనే వెనక్కి వెళ్లిపోయింది. అంత కోపం నాకు నా ఉద్యోగం మీద ఎప్పుడూ రాలేదు.

ఈలోగా మేడమ్ లెక్కకు మనుషులు కావలసి వచ్చారు. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఆరోగ్యమైన పిల్లల్ని కన్న ఆడవాళ్లు రక్తం ఇవ్వాలని ఆసుపత్రి గేటుకు, చుట్టుపక్కల దుకాణాలకు కాగితాలు అంటించాం. ఆ వానలో ఎవరొస్తారు? రెండు వారాల్లో పదకొండు మంది వచ్చారు. పన్నెండో మనిషిని చూసి గొట్టాల స్టాండు బల్ల మీద పెట్టేశాను. గొడుగు మూలన పెట్టి, చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, చెల్లి అత్తగారు.

"నలుగుర్ని కన్నాను. నలుగురూ నిక్షేపంలా ఉన్నారు. నేను పనికొస్తానా రానా?"

"వస్తారు గానీ, మీరింత వానలో రావలసిన..."

"మీ ఇంటి రక్తం చూశావు కదా. మా ఇంటిది కూడా చూడు. ఏ లోపమూ లేదని నీ చేత్తోనే కాగితం రాసివ్వు, వకీలుకు పనికొస్తుంది."

ఒప్పుకోలు కాగితం ఇచ్చాను. అందులో అడుగున ఒక ప్రశ్న ఉంటుంది, నా ఫలితం నాకు తెలియజేయండి, తెలియజేయవద్దు అని. అంతకుముందు వచ్చిన పదకొండు మందీ వద్దని టిక్కు పెట్టి వెళ్లినవాళ్లే. ఆవిడ కావాలని పెట్టింది, కాగితం అవతలి వైపు అచ్చు పడేంత గట్టిగా. నర్సు సూది గుచ్చుతుంటే ఆవిడ సూది వైపు చూడలేదు, నా కోటు వైపు చూసింది.

"ఆ జేబు ఎవరు కుట్టారు? వంకర పోయింది. చంక దగ్గర కుట్టు విడిపోయింది చూసుకున్నావా?"

సంగతి మేడమ్‌తో చెప్పాను, ఆ గొట్టం నేను ముట్టుకోనని. ఆవిడ పన్నెండు గొట్టాలకూ తన చేత్తో కొత్త నంబర్లు అంటించి, కలిపేసి, చిట్టా తన సొరుగులో పెట్టి తాళం వేసింది. "నీకు కనిపించేది నంబరు. పని కానివ్వు," అంది.

పని కానిచ్చాను. వాన గాలికి స్లైడ్లు అద్భుతంగా వచ్చాయి. పన్నెండింటిలో ఏడో నంబరు దగ్గర నా కన్ను ఆగిపోయింది. తొమ్మిదో జతలో ఒకదానికి నడుము పక్కన ముదురు ఊదా ముద్ద, కొట్టొచ్చినట్టు. చెల్లిదానికంటే, నాదానికంటే పెద్దది. ఎవరో మహాతల్లి అనుకుని పక్కన చుక్క గుర్తు పెట్టి మేడమ్‌కు పంపాను.

నాలుగో రోజు మేడమ్ పిలిచి తలుపు వేయమంది.

"ఏడో నంబరు ఆవిడ ఫలితం కావాలంది. నేను చెబుతానంటే ఒప్పుకోలేదు. నువ్వే చెప్పాలట. ఎల్లుండి వస్తోంది."

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

"అయిందా నవ్వడం?" అంది మేడమ్. "ఇప్పుడు విను. ఈ ఫలితం ఆవిడ సొత్తు. నీది కాదు, మీ చెల్లిది కాదు. ఆవిడకు తప్ప ఒక్క మాట బయటికి వెళ్లినా ఇంక నువ్వు ఇక్కడ పనిచేయవు."

"మేడమ్, అక్కడ దాని కాపురం పోతోంది."

"తెలుసు."

"ఆవిడ ఈ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, విడాకుల కాగితాల మీద సంతకాలు చేయిస్తే?"

"చేయించవచ్చు," అంది మేడమ్. "రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ మనం మాట ఇచ్చాం. నచ్చినవాళ్లకు ఒక మాట, నచ్చనివాళ్లకు ఒక మాట ఉండదు."

ఆవిడ చెప్పింది సబబే. సబబైన మాట వింటే ఒళ్లు మండుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ రెండు రోజులూ చెల్లి రెండుసార్లు ఫోన్ చేసింది, వచ్చే సోమవారం వకీలు దగ్గరికి రమ్మన్నారని చెప్పింది. "ధైర్యంగా ఉండు" అని తప్ప నేను ఇంకేం అనలేకపోయాను. ఎందుకలా పొడిపొడిగా మాట్లాడుతున్నావని అడిగింది. జలుబన్నాను.

చెప్పిన సమయానికి అత్తగారు వచ్చింది. తలుపు వేశాను. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, వాన చప్పుడు. ఎక్కడ మొదలుపెట్టాలో రాత్రంతా అనుకుని వచ్చాను గానీ, నోరు తెరిచేలోపే ఆవిడ ఫోటో తన వైపు లాక్కుంది.

కళ్లజోడు సవరించుకుని చూసింది. చెల్లి ఫోటోను రెండు నెలలుగా సంచిలో వేసుకుని ఊరంతా తిప్పిన మనిషి. తొమ్మిదో జత ఎక్కడుంటుందో ఆవిడకు నేను చూపించక్కర్లేదు. వేలు నేరుగా అక్కడికే వెళ్లి ఆగింది.

"ఇది నీ చెల్లెలిదా?"

"కాదండీ."

"నీది తెచ్చావా మళ్లీ?"

"మీదే."

ఆవిడ చూపుడువేలు, బొటనవేలు దగ్గరగా పెట్టి ఆ ముద్దను కొలిచింది. "దానిదానికంటే ఎక్కువుంది."

"అవునండీ."

"నేను నలుగుర్ని కన్నాను."

"అవునండీ."

రెండు నెలలుగా నేను కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కోటి అంటే ఎంత హాయిగా ఉండేదో! కానీ ఎదురుగా ఉన్న మనిషి ఫోటోను చూస్తున్న తీరు చూశాక ఏ మాటా పైకి రాలేదు. ఆవిడ తన కొలత తప్పిన బట్టను చూస్తోంది, ముప్పై ఏళ్లలో మొదటిసారి.

"మావాడికి కూడా వచ్చి ఉంటుందా?"

"రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఏమీ కాదు. పరీక్ష కూడా అక్కర్లేదు."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"మా మేడమ్‌కు, నాకు."

"నీ చెల్లెలికి?"

"చెప్పలేదు. చెప్పను."

ఆవిడ తలెత్తి నన్ను చూసింది, పైనుంచి కిందికి, నడుము కొలత తీసే చూపు. "చెప్పవా?"

"ఇది మీదండీ. చెప్పాలంటే మీరే చెప్పాలి."

మళ్లీ ఫోటో మీదికి వంగింది. "దీంట్లో ఉండేది ఏంటసలు?"

రైళ్లు, పుస్తకాలు అన్నీ అయిపోయాయి నా దగ్గర. ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏమీ ఉండదండీ. ఒకటే మాట మళ్లీ మళ్లీ ఉంటుంది. ఒకరికి కాస్త తక్కువ, ఒకరికి కాస్త ఎక్కువ. ఆ చోట ఎంత ఉన్నా పైకి మనిషిలో తేడా కనపడదు."

"ఓస్," అంది ఆవిడ. "లోపల బట్ట వదలడం."

"ఏంటండీ?"

"కుట్టు పక్కన, లోపలివైపు, కాస్త బట్ట వదిలేస్తాం. ఒక దర్జీ అరంగుళం వదులుతాడు, ఒకడు రెండంగుళాలు వదులుతాడు. తొడుక్కున్నవాడికి తెలియనే తెలియదు." ఫోటో మడిచి సంచిలో పెట్టుకుంది. "ఆ మాట చెప్పడానికా ఇన్నాళ్లూ రైళ్లు, పుస్తకాలు అన్నావు?"

గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం వచ్చింది, వెళ్లింది. చెల్లి ఫోన్ చేయలేదు. నేను చేయడానికి భయపడ్డాను. వకీలు దగ్గర సంతకాలు అయిపోయాయేమో, ఆవిడ నా ఎదురుగా తెలివిగా మాట్లాడి ఇంటికెళ్లి ఆ ఫోటో పొయ్యిలో పడేసిందేమో అనుకుంటూ మూడు స్లైడ్లు పాడుచేశాను. గురువారం సాయంత్రం చెల్లి తనే వచ్చింది. జుట్టంతా తడి, మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నువ్వు ముందు కూర్చో. అత్తయ్య వకీలుకు ఇంక వద్దని చెప్పేసిందట. కాగితాలు వెనక్కి తెచ్చేసుకుంది."

"ఎందుకట?" అన్నాను, గొంతు సాధ్యమైనంత మామూలుగా పెట్టి.

"ఆదివారం అన్నాల దగ్గర అందరి ముందూ చెప్పింది. నా రిపోర్టులో ఉన్నది లోపం కాదట. కుట్టు పక్కన లోపల బట్ట వదిలినట్టట. ఎవరికెంత వదిలారో పైకి తెలియదట, బట్ట ఎక్కువుంటే చొక్కా చెడ్డదవుతుందా అంది. ఆయన అయితే మొట్టమొదటిసారి నోరు విప్పాడు, నేనూ అదే అనుకున్నానమ్మా అన్నాడు."

"అతను అనుకున్నాడా!"

"అనుకుంటే ఏంలే, అన్నాడు కదా. ఆ కవరులో కాగితాలన్నీ నా చేతికిచ్చి, ఇంక ఇవి నా కళ్లపడనీయకు అంది." చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేమనుకోకు అక్కా. నువ్వు రెండు నెలలు చెప్పావు, నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. ఏమైనా ఆవిడ బుర్రే వేరు. నువ్వు కాస్త ఆవిడ దగ్గర నేర్చుకోవాలి."

నేను నాలుక కరుచుకున్నాను. మాటకు కాదు, నిజంగానే కరుచుకున్నాను, నొప్పి పుట్టేలా. ఇంతటి గొప్ప సంగతి నోట్లో పెట్టుకుని, చెల్లి చెప్పే అత్తగారి గొప్పలు గంటసేపు విన్నాను. ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అది నవ్వుతోంది కాబట్టి వింటున్నాను.

ఆ వారమే మేడమ్‌ను ఒప్పించి మా రిపోర్టు నమూనాలో రెండు మార్పులు చేయించాను. అదనపు భాగం గురించి రాసిన ప్రతిచోటా దాని కిందే 'దీనివల్ల హాని లేదు, ఆరోగ్యవంతులెందరికో ఉంటుంది' అన్న వాక్యం తప్పనిసరి. ఇంకొకటి, అట్టడుగున కొత్త గడి: 'కారణం తెలియలేదు.' రెండోదానికి మేడమ్ రెండు రోజులు గింజుకుంది. నేను వదల్లేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో దుకాణం నుంచి ఒక పొట్లం వచ్చింది. మీద చీటీ లేదు. విప్పితే తెల్ల కోటు, ల్యాబులో వేసుకునేది. జేబులు గీత గీసినట్టున్నాయి. నా కొలతలు ఆవిడ ఎప్పుడూ తీసుకోలేదు. సంతోషంగా తొడుక్కుని చూస్తే, చేతులు సరిపోయాయి, భుజాలు సరిపోయాయి, నడుము దగ్గర పట్టేసింది. గుండీ పెడితే ఊపిరాడలేదు. చూపుతో కొలిచే మహానుభావురాలు నా దగ్గరికొచ్చేసరికే తప్పాలా అని విసుక్కుంటూ విప్పి, కోటును లోపలి వైపుకు తిప్పాను.

రెండు పక్కలా కుట్టు వెంబడి మూడేసి అంగుళాల బట్ట మడిచి ఉంది. ఏ దర్జీ అంత వదలడు. విప్పడానికి వీలుగా వదులు కుట్టు వేసి, చివర దారం ముడి కూడా వేయకుండా ఉంచింది.

నా చేతికి కుట్టుపని రాదు. ఆ కోటు నాకు పట్టాలంటే మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లాలి.